పట్టేసిన ఆయిల్ ఫిల్టర్: స్క్రూడ్రైవర్ దించే ముందు

మీరు రాసిన దాంట్లో నాకు ధైర్యం ఇచ్చిన మాట ఒకటే: ఆయిల్ ఇంకా దించలేదన్నారు. దాన్ని అలాగే ఉంచండి. ఫిల్టర్ కదిలేదాకా డ్రెయిన్ నట్ జోలికి పోవద్దు.

నాకు అర్థమైనంతలో మీ పరిస్థితి ఇది. బండి పాత డీసీఎం, అంటే మధ్యరకం లారీ. హైదరాబాద్ కాటేదాన్‌లో ఇంటి ముందే ఆయిల్ మార్చుకుందామని కూర్చున్నారు. ఫిల్టర్ చేతికి రాలేదు, చైన్ పానా వేస్తే ఫిల్టర్ డబ్బా కింద సొట్ట పడింది గానీ తిరగలేదు. పక్క బండి డ్రైవర్ ఫిల్టర్‌లోకి స్క్రూడ్రైవర్ గుచ్చి దించి తిప్పేయమంటున్నాడు. మీ బావగారు బ్లో ల్యాంప్‌తో కాస్త వేడి చూపిద్దామంటున్నారు. మీరేమో పట్టేసినవి వదిలించే స్ప్రే డబ్ల్యూడీ-40 సగం డబ్బా కొట్టేశారు. పొద్దున్నే లోడ్ ఉంది, అందుకే టెన్షన్.

ముందు ఆ టెన్షన్ సంగతి. ఛాంబర్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఉండే తొట్టిలో ఆయిల్ ఉండి, ఫిల్టర్‌కు చిల్లు పడనంత వరకు మీ బండి ఎక్కడికైనా వెళ్తుంది. చాలామంది ముందు ఆయిల్ మొత్తం దించేసి, ఆ తర్వాత ఫిల్టర్ మీద చెయ్యి వేస్తారు. అది రాకపోతే అప్పుడు బండి ఇంటి ముందు కదలకుండా కూర్చుంటుంది, మెకానిక్ మీ దగ్గరికి రావాలి, లేదా తాడు కట్టి లాగాలి. ఫిల్టర్‌ను ముందు అర చుట్టు వదులు చేసి, మళ్లీ చేత్తో బిగించి, ఆ తర్వాత ఆయిల్ దించడం సరైన పద్ధతి. వదులు కాకపోతే ఏ నష్టమూ లేకుండా బండి నడుపుకుంటూ ఆటోనగర్ వెళ్లొచ్చు.

పాత ఫిల్టర్‌తో ఒకటి రెండు లోడ్లు ఎక్కువ తిప్పినంత మాత్రాన ఇంజిన్ పోదు. ఫిల్టర్ మూసుకుపోయినా ఇంజిన్‌కు ఆయిల్ ఆగకుండా బైపాస్ వాల్వ్ ఉంటుంది. కొన్నింటికి అది ఫిల్టర్‌లోనే, కొన్నింటికి ఇంజిన్ వైపు ఫిల్టర్ బిగించే హౌసింగ్‌లో ఉంటుంది. అది తెరుచుకుంటే ఆయిల్ వడపోత లేకుండా వెళ్తుంది, అంతే. నెలల తరబడి అలా తిప్పకూడదు, రెండు రోజులు పర్వాలేదు. కాబట్టి రేపటి లోడ్ కొట్టుకుని రండి. కాకపోతే బయల్దేరే ముందు ఇంజిన్ ఐదు నిమిషాలు నడిపి, సొట్ట పడ్డ చోట, పైన రబ్బరు ప్యాకింగ్ చుట్టూ టార్చ్ వేసి చూడండి. చుక్క కూడా కారకూడదు. కారుతుంటే మాత్రం బండి తీయొద్దు. తర్వాత ఈ పనికి షాపులు తెరిచి ఉండే రోజు, అదీ పొద్దున పూట పెట్టుకోండి. ఆదివారం సాయంత్రం మొదలుపెట్టిన ఫిల్టర్ పనులే ఎక్కువగా రాత్రి ఫోన్లు చేయిస్తాయి.

ఇక అసలు విషయం. ఫిల్టర్ పట్టేసిందంటే అందరూ థ్రెడ్ తుప్పు పట్టిందనుకుంటారు. థ్రెడ్ ఉండేది ఫిల్టర్ మధ్యలో, బోలుగా ఉండే నిపుల్ మీద. వడపోసిన ఆయిల్ ఇంజిన్‌కు పోయే దారి అదే. అంటే ఏళ్ల తరబడి అది ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. అక్కడ తుప్పు పట్టేది చాలా అరుదు. పట్టుకునేది బయటి అంచున ఉండే రబ్బరు ప్యాకింగ్. పోయినసారి వేసినవాళ్లు దానికి ఆయిల్ పూయకుండా పొడిగా వేసి ఉంటారు. పైగా పానాతో ఇంకో చుట్టు గట్టిగా లాగి ఉంటారు. ఇంజిన్ వేడికి ఆ రబ్బరు వేల సార్లు కాగి చల్లారి, గట్టిపడి, హౌసింగ్ మొహానికి అతుక్కుపోతుంది.

ఇది తెలిస్తే ఏం పని చేస్తుందో, ఏం చేయదో మీకే అర్థమవుతుంది. డబ్ల్యూడీ-40 బయట నుంచి కొడితే థ్రెడ్ దాకా పోదు, మధ్యలో ప్యాకింగ్ అడ్డం. పోయినా అక్కడ ఆయిల్ ముందే ఉంది. మీరు కొట్టినదంతా డబ్బాను జారుడుగా చేసింది, అంతే. దాన్ని ఇప్పుడు తుడవాలి. బ్లో ల్యాంప్ అయితే అసలు వద్దు. లోపల లీటరుకు అటూ ఇటూగా ఆయిల్, బయట మట్టి కలిసిన జిడ్డు, పక్కనే డీజిల్ పైపులు. అంత మంట తగిలితే ప్యాకింగ్ మెత్తబడదు, కాలి బొగ్గై ఇంకా అతుక్కుంటుంది. డబ్బాకు కమ్మీ వెల్డింగ్ చేసి తిప్పుదామనే ఉస్తాద్‌లు కూడా ఉన్నారు. వాళ్లకు దండం పెట్టి వచ్చేయండి.

వేడి కావాలి, కానీ అది ఇంజిన్ లోపలి నుంచి రావాలి. బండి ఐదు పది నిమిషాలు నడిపి ఆపండి. డబ్బా మీద చెయ్యి ఆన్చగలిగేంత వెచ్చదనం చాలు. చెయ్యి పెట్టలేనంత కాగితే కాసేపు ఆగండి. కాగిన ఆయిల్ మోచేతి మీదుగా చొక్కాలోకి కారితే వచ్చే బొబ్బలు చిన్నవి కావు. వెచ్చగా ఉన్నప్పుడు రబ్బరు కాస్త మెత్తబడుతుంది. అదే ఫిల్టర్ రాత్రంతా చల్లబడ్డాక మొండికేస్తుంది. తాళం చెవి తీసి జేబులో పెట్టుకోండి, హ్యాండ్‌బ్రేక్ వేసి చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. కేవలం జాకీ మీద నిలబెట్టిన బండి కింద దూరకండి. ఈ ఎత్తు బండికి చాలాసార్లు జాకీ అవసరమే ఉండదు.

తర్వాత దిక్కు. నవ్వకండి, పట్టేసిన ఫిల్టర్లలో కొన్నింటిని తీసేవాళ్లే బిగిస్తుంటారు. బండి కింద పడుకుని, తల ఒకవైపు, చెయ్యి ఇంకోవైపు పెట్టినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. గుర్తు ఒకటే: ఫిల్టర్ మూసి ఉన్న అడుగు మీ మొహం వైపు ఉన్నట్టు ఊహించుకోండి. అక్కడి నుంచి చూస్తే గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరగాలి. పై నుంచి, అంటే ఇంజిన్ వైపు నుంచి చూస్తే అదే కదలిక ముల్లు తిరిగే వైపే కనిపిస్తుంది. అందుకే డబ్బా మీద సుద్దతో బాణం గీసి పెట్టుకోండి. మీరు చైన్ పానా ఎటు లాగారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తప్పు వైపు లాగి ఉంటే ఇంకాస్త బిగిసి ఉంటుంది. దానివల్ల పని ఆగిపోదు గానీ, ఎక్కువ బలం పడుతుందని ముందే తెలియడం మంచిది.

ఇప్పుడు పానా ఎక్కడ వేయాలన్నది. మీ డబ్బా సొట్ట పడింది అడుగు దగ్గర అన్నారు, అంటే పానా అక్కడ వేశారు. అందరూ అక్కడే వేస్తారు, ఎందుకంటే చెయ్యి ఆడే జాగా అక్కడే ఉంటుంది. కానీ డబ్బా పల్చని రేకు. దానికి గట్టిదనం ఉండేది పైన, మందపాటి ఇనుప బేస్ ప్లేటుకు రేకును మడిచి నొక్కిన అంచు దగ్గర. అడుగున లాగితే ఆ బలం పైకి చేరేలోపు రేకు పిండిన బట్టలా మెలిపడుతుంది. పానాను వీలైనంత పైకి, ఆ మడతకు అంటేలా జరపండి. లారీ ఫిల్టర్లు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఈ తేడా కారు ఫిల్టర్ కంటే ఇక్కడ చాలా ఎక్కువ. అడుగున టోపీలా పట్టే పానాలు, మూడు కాళ్ల పానాలు కార్లకు బాగుంటాయి. పట్టేసిన లారీ ఫిల్టర్‌కు నేను వాటిని సిఫారసు చేయను.

డబ్బాను సబ్బునీళ్లతోనో డీజిల్‌తోనో కడిగి, పొడిగుడ్డతో పూర్తిగా ఆరేలా తుడవండి. దాని చుట్టూ ముతక ఎమరీ పేపర్‌ను గరుకు వైపు డబ్బాకు తగిలేలా ఒక చుట్టు చుట్టి, దాని మీద బెల్ట్ పానా వేయండి. బెల్ట్ పానా రేకును నలపదు, జారడం మాత్రమే దాని లోపం, ఆ లోపాన్ని ఎమరీ తీరుస్తుంది. చైన్ పానానే ఉంటే అదీ పర్వాలేదు, ఎమరీ మీద వేసి, గొలుసు మొత్తం ఒకే చోట కోసుకోకుండా డబ్బా చుట్టూ సమంగా పట్టేలా చూడండి. కొత్తది కొనాలంటే రాణీగంజ్‌లోనో పుత్లీబౌలీలోనో స్పేర్ పార్ట్స్, టూల్స్ షాపుల్లో దొరుకుతుంది. ఫిల్టర్ చుట్టుకొలత దారంతో కొలిచి తీసుకెళ్లండి. కారు సైజు బెల్ట్ ఇచ్చి పంపిస్తే మళ్లీ తిరగాలి.

కొనే పని లేకుండా ఇంకో దారి ఉంది. పాత ఫ్యాన్ బెల్ట్ ఒకటి తెచ్చి ఫిల్టర్ చుట్టూ ఉచ్చులా వేయండి. మిగిలిన కొసలో రెండడుగుల గట్టి పైపు దూర్చి, పైపును మెలిపెట్టి బెల్ట్‌ను బిగించి, తిప్పాల్సిన వైపు లాగండి. లాగే కొద్దీ బెల్ట్ ఇంకా బిగుసుకునేలా వేయాలి. తప్పు వైపు వేస్తే లాగగానే వదులైపోతుంది. పని బాగా చేస్తుంది, చూడ్డానికి మాత్రం అందంగా ఉండదు.

లాగడం ఒక్క ఊపున కాదు. బరువు క్రమంగా పెంచి, పూర్తి బలం పెట్టి అలాగే పట్టి ఉంచండి, లోపల పది లెక్కపెట్టుకోండి. రబ్బరు అతుకు ఒక్కసారిగా తెగదు, మెల్లగా ఊడుతుంది. పట్టి ఉంచినప్పుడు ఎవరినైనా బేస్ ప్లేటు అంచు చుట్టూ చిన్న సుత్తితో, పక్క నుంచి, తేలిగ్గా తట్టమనండి. చిన్న 'టిక్'మని శబ్దం వస్తే అయిపోయినట్టే, తర్వాత చేత్తోనే తిరుగుతుంది. రాకపోతే వదిలి, మళ్లీ ఇంజిన్ వెచ్చబెట్టి ఇంకోసారి. పట్టేసిందంటూ నా దగ్గరికి వచ్చిన ఫిల్టర్లలో ఎక్కువ భాగం ఇక్కడే లొంగాయి. వచ్చిందంటే బేసిన్ కింద పెట్టుకోండి, మూతి పైకి ఉండేలా పట్టుకుని దించండి.

స్క్రూడ్రైవర్ సంగతికి వద్దాం. ఆ డ్రైవర్ చెప్పింది పూర్తిగా తప్పు కాదు, అది అందరూ వాడే ఉపాయమే. దానితో చిక్కేమిటంటే, దించిన క్షణం నుంచి వెనక్కి తిరగడం లేదు. చిల్లు పడ్డ ఫిల్టర్‌తో ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు. ఆయిల్ పంపు ఆ చిల్లులోంచే ఛాంబర్ మొత్తం రోడ్డు మీద పోసేస్తుంది. కాబట్టి కొత్త ఫిల్టర్, కొత్త ఆయిల్, కింద చెప్పే ఇతర సరంజామా పక్కన ఉంటేనే ఆ పని. అప్పుడు కూడా డబ్బా మధ్యలో కాకుండా పై మూడో వంతులో దించండి. మరీ పైన మడతను ఆనుకుని దించితే నిపుల్‌కు దెబ్బ తగులుతుంది, నిపుల్ పాడైతే ఫిల్టర్ కష్టం కాస్తా ఇంజిన్ కష్టం అవుతుంది. పొడవైన, లావు స్క్రూడ్రైవర్ రెండు వైపులా బయటికి వచ్చేలా దించి, రెండు కొసలూ పట్టుకుని తిప్పండి. ఒక కొస పట్టుకుని లాగితే రేకు చీలుతుంది. చీలడం మొదలైందంటే వెంటనే ఆపండి. రెండో చిల్లు, మూడో చిల్లు వేసుకుంటూ పోతే మిగిలేది జల్లెడ.

ఒకవేళ రేకు ఊడిపోయి, బేస్ ప్లేటు ఒక్కటే ఇంజిన్‌కు అంటుకుని మిగిలిందనుకోండి. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ ఇక్కడి నుంచి పని తేలికే, ఎందుకంటే ఇప్పుడు మీ చేతికి దొరికింది మందపాటి ఇనుము. మిగిలిన రేకును రేకు కత్తెరతో కత్తిరించి, లోపలి కాగితం, మధ్య గొట్టం తీసేయండి. మధ్యలో నిపుల్ రంధ్రం కనిపిస్తుంది. దాన్ని మొట్టమొదట శుభ్రమైన, నూలు పోగులు ఊడని గుడ్డతో మూయండి. కాటన్ వేస్ట్ వద్దు. అది ఇంజిన్‌కు శుభ్రమైన ఆయిల్ పోయే దారి, అందులో పడ్డ ఇనుప రజను ఏ వడపోతా లేకుండా నేరుగా బేరింగులకు చేరుతుంది. పెట్టిన గుడ్డ కొస బయటికి బాగా వేలాడేలా ఉంచండి, లేకపోతే తీయడం మర్చిపోతారు.

బేస్ ప్లేటులో నిపుల్ చుట్టూ చిన్న రంధ్రాలు వరుసగా ఉంటాయి, ఆయిల్ ఫిల్టర్‌లోకి వచ్చేది వాటిలోంచి. ఎదురెదురుగా ఉన్న రెండు రంధ్రాల దూరం కొలిచి, ఆ కొలతకు ఒక మందపాటి ఇనుప పట్టీకి రెండు బోల్టులు వెల్డింగ్ చేయించండి. బోల్టుల కొసలు ఆ రంధ్రాల్లో కూర్చోవాలి, కానీ ప్లేటు దాటి లోపలి హౌసింగ్‌ను గుద్దేంత పొడుగు ఉండకూడదు. ఆటోనగర్‌లో గానీ బాలానగర్ వైపు గానీ ఏ వెల్డింగ్ షాపులోనైనా చేసిస్తారు. వెల్డింగ్ షాపులోనే చేయించాలి, బండి దగ్గర కాదు. ఆ పట్టీని ప్లేటుకు నొక్కి పట్టి తిప్పితే, ప్యాకింగ్ ఎంత అతుక్కున్నా వస్తుంది.

ఆ పట్టీ చేయించే వీలు లేకపోతే ఇనుప ఉలి. ప్లేటు బయటి అంచు మీద ఉలి మొన పెట్టి, తిరగాల్సిన వైపు పక్కవాటుగా చిన్న దెబ్బలు. ఒకచోట నాలుగు, ఎదురుగా నాలుగు. ఉలిని ఇంజిన్ వైపు వాల్చకూడదు. ఆ హౌసింగ్ చాలా బండ్లలో అల్యూమినియం, దాని మొహం మీద ఒక్క గీత పడినా కొత్త ప్యాకింగ్ అక్కడ కారుతూనే ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకోండి.

ఊడి వచ్చిన ఫిల్టర్‌ను పారేసే ముందు దాని మధ్యలో చూడండి. బాగా పట్టేసిన ఫిల్టర్‌తో పాటు నిపుల్ కూడా ఊడి వస్తుంటుంది. అలా వస్తే దాని థ్రెడ్ బాగుందో లేదో చూసి, ఇంజిన్‌లోకి వెళ్లే వైపు శుభ్రం చేసి, మర వదులు కాకుండా పట్టే జిగురు థ్రెడ్ లాకర్ పూసి, మునుపటంత లోతుకే బిగించాలి. థ్రెడ్ నలిగితే కొత్త నిపుల్ వేయండి.

తర్వాత హౌసింగ్ మొహం మీద వేలితో చుట్టూ తడమండి. పాత ప్యాకింగ్ చాలాసార్లు ఫిల్టర్‌తో రాకుండా అక్కడే అతుక్కుని ఉంటుంది, నల్లగా ఉండటం వల్ల కంటికి తెలియదు. దాని మీదే కొత్త ఫిల్టర్ వేస్తే రెండు ప్యాకింగ్‌లు ఒకదాని మీద ఒకటి నిలవవు. స్టార్ట్ చేసిన కాసేపటికే పైది పక్కకు జారి, ఆయిల్ ధారగా పోతుంది. గీకడానికి ఇనుప బ్లేడు వద్దు, చెక్కముక్కో ప్లాస్టిక్ ముక్కో చాలు. నిపుల్‌లో పెట్టిన గుడ్డ తీశారా?

కొత్త ఫిల్టర్ కొన్నప్పుడు పాతదాని మీది నంబర్ చూపించి తీసుకోండి. డబ్బా ఎత్తు, లావు ఒకేలా ఉన్నా థ్రెడ్ వేరుగా ఉండొచ్చు. డూప్లికేట్లు కూడా బాగా తిరుగుతున్నాయి. నిపుల్ మీద పెట్టగానే చేత్తో సాఫీగా తిరగాలి, రెండో చుట్టుకే పట్టేస్తే బలవంతం చేయకుండా వెనక్కి ఇచ్చేయండి. ప్యాకింగ్‌కు వేలితో కొత్త ఆయిల్ పూయండి. అరనిమిషం పని ఇది. మీకు ఈ కష్టమంతా పోయినసారి ఎవరో ఆ అరనిమిషం మిగుల్చుకోవడం వల్లే వచ్చింది. ఇప్పుడు ఛాంబర్ ఆయిల్ దించి, కొత్త వాషర్‌తో డ్రెయిన్ నట్ బిగించండి.

మూతి పైకి ఉండేలా నిలువుగా ఎక్కే ఫిల్టర్ అయితే, ఎక్కించే ముందు అందులో కొత్త ఆయిల్ నింపడం మేలు, ముఖ్యంగా టర్బో ఉంటే. పోసేది బయటి చిన్న రంధ్రాల్లోంచి. మధ్య రంధ్రంలోంచి పోస్తే వడపోత లేని ఆయిల్ నేరుగా శుభ్రమైన వైపు చేరుతుంది. మెల్లగా ఇంకుతుంది, ఓపిక పట్టాలి. చేత్తో తిప్పుతూ ప్యాకింగ్ హౌసింగ్‌ను తాకిన చోట ఆగి, డబ్బా మీద ఒక గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి ముప్పావు చుట్టు, లేదా డబ్బా మీద ఎంత రాసి ఉంటే అంత. పానా వద్దు, జిడ్డు తుడిచిన చెయ్యి చాలు. వేడికి రబ్బరు తనంతట తానే ఇంకాస్త బిగుస్తుంది. మార్చిన తేదీ, కిలోమీటర్లు డబ్బా మీద మార్కర్‌తో రాసి పెట్టండి.

ఆయిల్ పోశాక, లాగితే ఇంజిన్ ఆగే పాత తరహా స్టాప్ కేబుల్ ఉన్న బండి అయితే అది లాగి పట్టుకుని, ఇంజిన్ అందుకోకుండా సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారి పది సెకన్లు దాటకుండా, మధ్యలో సెల్ఫ్ మోటార్ చల్లబడేలా ఆగుతూ, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా. తర్వాత మామూలుగా స్టార్ట్ చేసి రేస్ ఇవ్వకుండా వదిలేయండి. పది పదిహేను సెకన్లలో లైటు ఆరకపోయినా, గేజ్ ముల్లు లేవకపోయినా వెంటనే ఆపేయాలి.

దించిన నల్ల ఆయిల్‌ను మోరీలో పోయకండి. అది 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది, మోరీలో పోసింది చివరికి చేరేది మూసీకే. సెంట్రింగ్ చెక్కలకు పూయడానికి అడిగేవాళ్లు కూడా ఉంటారు, అదీ మట్టిలోకే పోతుంది. పెద్ద సర్వీస్ గ్యారేజీల దగ్గర కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) అనుమతి ఉన్న కలెక్షన్ వాళ్లు వచ్చి తీసుకెళ్తుంటారు, వాళ్లకు ఇవ్వండి. పాత ఫిల్టర్‌ను ఒక రాత్రి బోర్లించి ఉంచితే అందులోని ఆయిల్ కూడా దిగుతుంది. నల్ల ఆయిల్ చర్మానికి మంచిది కాదు, పదే పదే తగిలితే క్యాన్సర్ ముప్పు కూడా ఉంది. చేతులను డీజిల్‌తో కాకుండా సబ్బుతో కడుక్కోండి, గ్లౌజులు వేసుకుంటే ఇంకా మంచిది.

ఇంజిన్ ఆపిన పది నిమిషాలకు స్టిక్ తీసి లెవల్ చూడండి, ఫిల్టర్ తాగినంత మళ్లీ పోయాల్సి వస్తుంది. మర్నాడు పొద్దున ఫిల్టర్ కింద ఒక అట్టముక్క వేసి, బండి నడిపి చూడండి. ప్యాకింగ్ దగ్గర తేమ కనిపిస్తే ఇంజిన్ ఆపి, చల్లారాక చేత్తో ఇంకో పావు చుట్టు. అప్పటికీ తేమ వస్తుంటే అది బిగింపు లోపం కాదు, ఫిల్టర్ విప్పి ప్యాకింగ్, హౌసింగ్ మొహం మళ్లీ చూడండి.